మామగారి పేరున పిట్టల దుకాణం

రేకు పెట్టెల కంపెనీ మూతపడ్డాక, అద్దె కట్టే దారి లేక, ఉన్న సామానంతా ఒక బండికెత్తించి భార్యతో సహా మామగారింటి మేడగదికి చేరిన రోజున అల్లుడు అనుకున్నది ఒక్కటే: వానలు తగ్గేదాకా. వానలు తగ్గాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ తగ్గాయి. ఆ తర్వాత అతను ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

మామగారు బ్యాంకులో హెడ్ క్యాషియరుగా చేసి రిటైరైన మనిషి. అల్లుణ్ణి ఎంచుకున్నది కూడా కౌంటరు వెనకనుంచే. పెట్టెల కంపెనీ జీతాలు ఆ బ్రాంచిలోనే పడేవి. జీతాల రోజున తక్కినవాళ్లంతా ఒకరి భుజం మీదుగా ఒకరు చేతులు చాస్తుంటే ఈ కుర్రాడొక్కడే గోడవారగా నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగేవాడట. "తోసుకునే రకం కాదు, మన పిల్ల సుఖపడుతుంది" అని ఆయన ఇంటికొచ్చి చెప్పారట. పెళ్లిలో ఆ మాట కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పి మురిసిపోయారు. అప్పట్లో అల్లుడూ మురిసిపోయాడు.

ఆ ఇంట్లో డబ్బు ఏదైనా మామగారి చేతిమీదుగా నడవాల్సిందే. పిసినారి మాత్రం కాదు, అడిగినదానికన్నా ఒక నోటు ఎక్కువే పెడతారు. కాకపోతే ఇచ్చేముందు కళ్లజోడు పైనుంచి చూసి "దేనికి?" అంటారు. అందులో అనుమానం ఉండదు. ఉద్యోగమంతా చీటీ చూడనిదే నోటు బయటికివ్వని చెయ్యి అది. కారణం చెవిన పడకపోతే వేళ్లు కదలవు. చెప్పు తెగిందని చెప్పాలి. జుట్టు పెరిగిందని చెప్పాలి. "మొన్ననేగా కత్తిరించుకున్నావ్!" అని నవ్వుతూనే అంటారు, నవ్వుతూనే ఇస్తారు. మేడమీదనుంచి ఆ పడకకుర్చీ దాకా గట్టిగా లెక్కపెడితే గుప్పెడు మెట్లు. నడివయసుకొచ్చిన మనిషికి ఆ మెట్లు దిగడం రోజురోజుకీ బరువైపోయింది. జుట్టు చెవులమీద పడుతున్నా ఊరుకోవడం నేర్చుకున్నాడు.

మేడమీద నీళ్లట్యాంకు నీడలో అతని పనిముట్ల పెట్టె ఉండేది. రేకు కత్తెర, చిన్న సుత్తి, ఆకురాయి, టంకం వేసే కడ్డీ. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక ఖాళీ నూనెడబ్బా ఒకటి కోసి పిట్టను చేశాడు. రెక్కలు వేరే రేకుతో కోసి తీగమీద కూర్చాడు. గాలి తగిలితే ఆడేవి. బట్టలు ఆరేయడానికి వచ్చిన భార్య తడిచీర భుజం మీద వేసుకుని దాన్ని చాలాసేపు చూసింది.

"ఇట్లాంటివి ఆన్‌లైన్లో కొంటారండీ. నిజం, నేను చూశా."

"నూనెడబ్బాని ఎవరు కొంటారే?"

"నూనెడబ్బాని కొనరు. పిట్టని కొంటారు."

ఆమే ఫొటోలు తీసింది, ఆమే వివరాలు రాసింది. చివర్లో బండి ఒకచోట ఆగింది. అమ్మిన డబ్బు పడటానికి ఒక బ్యాంకు అకౌంటు కలపాలి. అతనికున్నది కంపెనీ జీతం పడిన పాత అకౌంటొక్కటే. జీతం ఆగాక ఆ వైపు తొంగిచూసింది లేదు. మామగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి సంగతి విన్నారు.

"ఇంట్లో బ్యాంకు మనిషిని పెట్టుకుని ఊరంతా వెతుకుతారేంటయ్యా? నా నంబరు కొట్టండి."

అకౌంటు ఎవరిదో దుకాణదారు పేరూ వారిదే కావాలని ఆ సైటు పట్టుబట్టింది. కాబట్టి దుకాణదారు అన్నచోట మామగారి పేరు పడింది. ఫోను నంబరూ ఆయనదే పడింది. ఓటీపీ ఆయన ఫోనుకే వచ్చింది. కౌంటర్లో టోకెను పిలిచినట్టు ఆయన ఒక్కో అంకే గట్టిగా చదువుతుంటే ముగ్గురూ నవ్వారు. కొత్త సంసారం మొదలైనట్టు ఉందా సాయంత్రం.

పిట్టలు అమ్ముడుపోయాయి. మొదట ఒకటీ అరా, తర్వాత వారం వారం. కాకి, గుడ్లగూబ, తోక పైకెత్తిన పిచ్చుక. కొన్నవాళ్లు దుకాణం కింద మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాసేవాళ్లు. మామగారు వాటిని పడకకుర్చీలో కూర్చుని పైకి చదివేవారు. "పెద్దాయనా, ఈ వయసులో కూడా మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందండీ" అని ఒకావిడ రాసింది. ఆయన ఒక్క వేలితో చాలాసేపు టైపు చేసి జవాబిచ్చారు: "అంతా అనుభవం తల్లీ."

అల్లుడు అది విని నవ్వాడు. అందులో నవ్వాల్సింది ఉంది కూడా. కానీ కొన్నాళ్లకు అతని చెవి ఒక సంగతి పట్టుకుంది. మొదట్లో మామగారు "మన పిట్టలు" అనేవారు. చుట్టాలకు ఫోను చేసినప్పుడు అవి "మా పిట్టలు" అయ్యాయి. ఒక పొద్దున పాలవాడితో గుమ్మంలో మాట్లాడుతూ "నా పిట్టలు" అన్నారు. మెట్లమీద ఉన్న అల్లుడు అక్కడే ఆగి, వెనక్కి పైకి వెళ్లిపోయాడు.

తర్వాత్తర్వాత మామగారు భోజనం కాగానే మేడమీదికి రావడం మొదలుపెట్టారు. చేతులు వెనక్కి కట్టుకుని పిట్టల చుట్టూ తిరిగేవారు. "కాకి కదలట్లేదయ్యా, గుడ్లగూబ వేగంగా పోతోంది. ఈ వారం అవే చెయ్యి." అల్లుడు అవే చేసేవాడు. టంకం అయిపోతే కిందికి దిగేవాడు.

"మామయ్యగారూ, టంకం కొనాలి."

"దేనికి?"

"పిట్టలకేనండీ."

"పిట్టలకా? తీసుకో, తీసుకో. రసీదు మాత్రం తే."

పెట్టెల కంపెనీలో కూడా ముతక పని చేశాడు, మేస్త్రీ తిట్లు తిన్నాడు. కానీ నెల తిరిగేసరికి జీతం తన పేరున పడేది. ఇప్పుడు కంపెనీ మేడమీదికి వచ్చింది, ఓనరు కింద పడకకుర్చీలో ఉన్నారు, జీతం మాత్రం లేదు. ఈ మాట తనలో తాను అనుకోవడానికే అతనికి సిగ్గేసింది. ఉండటానికి గది, తినడానికి తిండి పెడుతున్న మనిషి గురించా ఇట్లా అనుకోవడం?

అయినా ఒక పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత అకౌంటు లేపి దుకాణానికి కలుపుదామని బ్యాంకుకు వెళ్లాడు. ఇంట్లో ఆకురాయి కొనడానికని చెప్పాడు.

బల్ల దగ్గర ఒక అమ్మాయి కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది. "మీ అకౌంటు వాడకుండా ఆగిపోయిందండీ. మళ్లీ నడవాలంటే ఇప్పుడుంటున్న ఇంటి చిరునామాకి కాగితం కావాలి. కరెంటు బిల్లు మీ పేరున ఉందా?"

"లేదు."

"అద్దె కాగితం?"

"అద్దె కట్టట్లేదమ్మా."

ఆమె తలెత్తింది. "మరి ఆ ఇంట్లో ఏ హోదాలో ఉంటున్నారు?"

అతను కాస్త ఆలోచించాడు. "అల్లుడి హోదాలో."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి సొరుగు తెరిచి ఏదో వెతికింది. తర్వాత దయగానే చెప్పింది. "ఇల్లు ఎవరిదో ఆయన సంతకంతో, మీరు అక్కడ ఉంటున్నట్టు ఒక ఉత్తరం తెండి. అది చాలు."

అది చాలు. దానంత కష్టమైనది ఇంకొకటి లేదని ఆ పిల్లకేం తెలుసు? అతను లేచేలోపు క్యాషు గది జాలీ వెనకనుంచి ఎవరో పిలిచారు. "మా గురువుగారి అల్లుడు కాదూ? రండి, రండి, కూర్చోండి." మామగారి చేతికింద పని నేర్చుకున్న క్యాషియరు. టీ తెప్పించాడు, గురువుగారి గుణగణాలు చెప్పాడు. ఇంకా గ్లాసులో టీ ఉండగానే ఫోను తీసి, "సార్, మీ అల్లుడుగారు మా దగ్గరే ఉన్నారు, ఏం కంగారు లేదు" అని చెప్పేశాడు.

ఆ రోజు భోజనాల దగ్గర మామగారు కోప్పడలేదు. కూర వడ్డించుకుంటూ మామూలుగా అన్నారు. "బ్యాంకులో పనిపడిందటగా? నాతో చెబితే నేనే వెళ్లొచ్చేవాణ్ణిగా. నీకెందుకా ఎండలో తిరగడం."

"ఊరికేనండీ, దారిలో ఉందని."

"ఆకురాయి దొరికిందా?"

అతను తేలుకుట్టిన దొంగలా అన్నంలోకి చూస్తూ దొరకలేదన్నాడు. మర్నాడు పొద్దున లేచేసరికి మెట్ల పక్కన మంచి ఆకురాయి ఒకటి, కాగితంలో చుట్టి, పెట్టి ఉంది.

భార్య దగ్గర దాచడం అతని వల్ల కాలేదు. ఆమె గడ్డీ పాత పేపర్లూ పెట్టి పిట్టల్ని అట్టపెట్టెల్లో సర్దుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాడు. తండ్రిని ఒక మాటంటే ఆమె ఊరుకోదేమో అనుకున్నాడు. ఆమె సర్దడం ఆపలేదు.

"మా నాన్న చెడ్డవాడైతే ఎంత బాగుండేదండీ" అంది. "ఎప్పుడో పోట్లాడి బయటపడేవాళ్లం."

"నీకెందుకు పోట్లాట? నీ పుట్టిల్లు."

"పెళ్లికి ముందు చంటిపిల్లల బడిలో పనిచేశాగా. ఆ జీతం ఎటెళ్లిందని మీరెప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. అంతా కలిపి నా పెళ్లికే పెట్టారు, ఇంకా పైన వేసి. తిన్నదేం లేదు. కానీ ఒక్క జత గాజులు నా అంతట నేను కొనుక్కోలేదు." పెట్టె మూత మీద టేపు బర్రున లాగి అంటించింది. "ఉత్తరం నేను అడగనా?"

"వద్దు. నేనే అడుగుతా."

అడుగుతాననడం తేలికే. ఒకసారి దిగేసరికి మామగారికి జలుబు. ఇంకోసారి ఎవరో చుట్టాలు వచ్చి కూర్చున్నారు. మరోసారి ధైర్యం కూడగట్టుకుని పడకకుర్చీ దాకా వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఇద్దరు కూలీలు ఒక పెద్ద చెక్కబల్ల మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. మూలన బిగింపు కూడా ఉన్న పనిబల్ల. "నేలమీద వంగి వంగి నీ నడుం పోతుందని అమ్మాయి చెప్పింది" అన్నారు మామగారు. "పట్టుకో ఆ పక్క." అల్లుడు ఆ పక్క పట్టుకున్నాడు. మేడమెట్ల మలుపులో బల్ల ఇరుక్కుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. కింద కూలీలు, పైన మామగారు, మధ్యలో గోడకీ బల్లకీ నడుమ అడకత్తెరలో పోకచెక్కలా అల్లుడు. కోళ్లు ఊడదీస్తే తప్ప అది కదల్లేదు. ఆ రోజు కూడా అడగలేకపోయాడు.

చివరికి అడిగింది ఒక ఆదివారం పొద్దున, ఏ సందర్భమూ లేకుండా. మామగారు పేపరు చదువుతున్నారు.

"మామయ్యగారూ, నేను మీ ఇంట్లో ఉంటున్నట్టు ఒక ఉత్తరం కావాలి. నా అకౌంటు మళ్లీ తెరుచుకుంటా. పిట్టల డబ్బు దాంట్లో పడేట్టు చూసుకుంటా."

మామగారు పేపరు మడిచారు. మడతమీద మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

"నా చేతిమీదుగా ఎంత డబ్బు వెళ్లిందో నాకే తెలియదు. ఒక్కనాడు నోటు తేడా రాలేదు. నువ్వు నన్ను అనుమానించావా?"

"అయ్యో, అది కాదండీ."

"నీ డబ్బులో కాణీ ముట్టలేదయ్యా. టంకం ఖర్చులు కూడా నా పెన్షన్లోంచే. వచ్చింది వచ్చినట్టు మీ ఇద్దరి కోసం నా పేరున డిపాజిట్ వేస్తున్నా. ఐదేళ్లది. మధ్యలో తీస్తే వడ్డీ కొట్టేస్తారు, అందుకని మీకు చెప్పలేదు. చెబితే చేతులు ఊరుకోవు." ఒళ్లోని పేపరు మడత మళ్లీ సరిచేశారు. "మీకు ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తుందని."

అల్లుడికి ఇలాంటి మనిషి మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా పోయింది. డబ్బు తనదే, తన కోసమే ఉంది, ముట్టుకోవడానికి మాత్రం లేదు. లోపలినుంచి అత్తగారు వచ్చి ఇద్దరి మధ్యా టీ గ్లాసులు పెట్టి, భర్తతో ఒక్క ముక్క అన్నారు. "అబ్బాయి అడిగింది ఉత్తరం. రాసిస్తే అరిగిపోతారా?"

మామగారు రాసిచ్చారు. క్యాషియరు దస్తూరి, ఒక్క కొట్టివేత లేదు. "ఇతడు నా అల్లుడు. నా ఇంట్లో, నా అనుమతితో నివసిస్తున్నాడు." అల్లుడు దాన్ని బ్యాంకు దాకా మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు, బల్ల దగ్గరి అమ్మాయికి మడతతోనే ఇచ్చాడు.

అకౌంటు తెరుచుకుంది. ఆ నంబరు తీసుకుని భార్యాభర్తలిద్దరూ పనిబల్ల దగ్గర కూర్చుని దుకాణానికి కలపబోయారు. ఓటీపీ కింద మామగారి ఫోనుకు వెళ్లింది. ఆయన మెట్లకిందనుంచే చదివారు, ఈసారి గొంతులో ఏ విశేషమూ లేదు. సైటు కాసేపు ఆలోచించి కాదంది. అకౌంటులోని పేరూ దుకాణదారు పేరూ కలవలేదట. అతను సహాయం నంబరుకు ఫోను చేశాడు. చాలాసేపు పాట విన్నాక ఒక అబ్బాయి పలికాడు.

"దుకాణం ఎవరి పేరున ఉందో వారి అకౌంటే కలపాలి సార్."

"పిట్టలు చేసేది నేనే బాబూ."

"అర్థమైంది సార్. కానీ అమ్మేది మీరు కాదు కదా."

"అయితే నా పేరున కొత్త దుకాణం పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు సార్. కాకపోతే ఒకే చిరునామా నుంచి ఒకే సరుకుతో రెండు దుకాణాలు కుదరవు. పాతది మూసేయాలి. పాత దుకాణానికొచ్చిన మెప్పులూ నక్షత్రాలూ కొత్తదానికి రావు."

మూసేయమని మామగారిని అడగాలి. అతను మెట్లమీదనుంచి కిందికి చూశాడు. మామగారు కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, ఫోను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, ఎవరికో ఒక్క వేలితో జవాబు రాస్తున్నారు. రిటైరయ్యాక ఆయన ముఖంలో అలాంటి కళ పిట్టలు వచ్చాకే చూశామని అత్తగారు ఎన్నిసార్లు చెప్పారో! అల్లుడు మెట్లు దిగలేదు.

కంపెనీలో అతని మీద మేస్త్రీగా చేసినాయన ఇప్పుడు రెండు వీధుల అవతల పంక్చర్ల కొట్టు నడుపుతున్నాడు. నున్నటి తల వల్ల అందరికీ గుండు మేస్త్రీ. అల్లుడు వెళ్లి పాత ట్యూబుల గుట్టమీద కూర్చుని తన గోడు చెప్పుకున్నాడు. మేస్త్రీ చక్రం తిప్పుతూ విని పగలబడి నవ్వాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాంగానీ, అల్లుడి సొమ్ము మామ దాచిపెట్టడం ఎక్కడా వినలేదురా అబ్బాయ్."

"నవ్వకు మేస్త్రీ. ఊపిరాడట్లేదు."

మేస్త్రీ నవ్వాపాడు. "పిట్టలు కుదరవంటే ఇంకోటి చెయ్. వెనక గది ఖాళీగానే ఉంది, ట్యూబులు జరుపుకో. చిరునామా నా కొట్టుదే ఇచ్చుకో."

అట్లా చేపలు పుట్టాయి. డబ్బాల మూతలతో పొలుసులు, తీగతో వెన్నెముక. తోక పట్టుకుంటే ఒళ్లంతా మెలితిరిగేది. పొద్దున మేస్త్రీకి సాయం చేస్తున్నానని ఇంట్లో చెప్పి చేపలు చేసేవాడు, మధ్యాహ్నం మేడమీద పిట్టలు చేసేవాడు. రెండు చేతులూ కాయలు కాచాయి. కొత్త దుకాణం తెరవడానికి ఫోను పట్టుకుని భార్య అతని ఎదురుగా కూర్చుంది.

"దుకాణదారు పేరు" అని చదివి ఆగింది. "ఈసారి నా పేరు పెడదామా?"

అతను చేతిలోని చేపను పక్కన పెట్టాడు.

"ఫొటోలు నేనే తీస్తున్నా. రాసేదీ, సర్దేదీ, పంపేదీ నేనే" అందామె, నేలకేసి చూస్తూ. "రేకు కొయ్యడం మీది. నేనూ ఒక అకౌంటు తెరుస్తా, వేరే బ్యాంకులో."

అతను ఇంత తంటా పడింది తన పేరు కోసం కదా! మళ్లీ ఇంకొకరి దగ్గర చెయ్యి చాచడమేనా? నీ పేరైతేనేం నా పేరైతేనేం, ఇల్లు ఒకటేగా, నా పేరే ఉండనీ అనబోయాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అచ్చం మామగారి మాట, అదే మెత్తదనంతో. వచ్చిన మాటను మింగి ఆమె ముఖం చూశాడు. అతనేం అనబోయాడో ఆమెకు తెలిసిపోయినట్టే ఉంది.

"పెట్టు" అన్నాడు. మనస్ఫూర్తిగా అనలేదు. అయినా అన్నాడు.

బ్యాంకులో చిరునామాతో ఆమెకు ఏ చిక్కూ రాలేదు. ఆమె ఆధార్ కార్డు మీద పెళ్లికి ముందునుంచీ ఆ ఇల్లే ఉంది. సంతకం దగ్గరే కాస్త తడబడింది. పెట్టి చాలాకాలమైంది కదా, పాత పేపర్ల అంచులమీద పొద్దంతా రాసి చూసుకుని అప్పుడు వెళ్లింది, ఒంటరిగా. దుకాణానికి కలిపాక సరిచూసుకోవడం కోసం సైటువాళ్లు ఆమె అకౌంటులో చిల్లర డబ్బులు వేశారు. ఆమె ఆ మెసేజీ అతనికి చూపించి, మళ్లీ తాను చూసుకుని, వంటింట్లోకి వెళ్లి కూడా ఒకసారి తెరిచి చూసుకుంది. మొదటి చేపల గుంపును ఒక పళ్లడాక్టరు కొన్నాడు, రోగులు కూర్చునే గదిలో వేలాడదీయడానికి.

సంగతి బయటపడింది భోజనాల దగ్గరే. మామగారు పళ్లెం పక్కన ఫోను పెట్టుకుని, "ఏమయ్యా, మనకు పోటీ వచ్చింది" అన్నారు. "ఎవడో మన పిట్టల్ని చూసి చేపలు మొదలెట్టాడు. చూడు."

అల్లుడు చూశాడు. తన చేపే.

"పనితనం ఉంది, కాదనకూడదు. టంకం ఎంత శుభ్రంగా వేశాడో చూశావా? నువ్వు అప్పుడప్పుడూ కాస్త ఎక్కువ పోస్తావు."

"అవునండీ" అన్నాడు అల్లుడు.

"రేటు మనకంటే తక్కువ పెట్టాడు వెధవ. మనమూ తగ్గిద్దాం. నువ్వు రోజుకి ఇంకో రెండు పిట్టలు చేశావంటే వీడు నిలవలేడు."

పొద్దున చేసే చెయ్యి మీద మధ్యాహ్నం చేసే చెయ్యి పందెం కాయాలి. నవ్వాలో ఏడవాలో తెలియక అల్లుడు నీళ్లగ్లాసు అందుకున్నాడు. అప్పుడు భార్య గరిటె గిన్నెలో పెట్టింది.

"నాన్నా, ఆ చేపలు మావి. దుకాణం నాది."

మామగారు కూతుర్ని చూసి, ఫోనుకేసి చూశారు. "నీదా?"

"నాదే."

"మరి అకౌంటు?"

"అదీ నాదే నాన్నా."

"ఏ బ్రాంచి?"

"మీ బ్రాంచి కాదు."

మామగారు ఫోను బోర్లా పెట్టారు. "చెబితే నేను వద్దనేవాణ్ణా తల్లీ?" అన్నారాయన.

"అనరని తెలిసే చెప్పలేదు. మీరే తెరిపించేవారు, మీరే డబ్బులు వేసేవారు, మీరే జాగ్రత్త చేసేవారు."

మామగారు పళ్లెంలోది పూర్తిగా తినే లేచారు. ఆయన ఏనాడూ మెతుకు వదలరు. చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత మేడమీదికి రాలేదు. పిట్టల దుకాణంలో కొన్నవాళ్లు అడిగిన ప్రశ్నలు జవాబు లేకుండా పడి ఉన్నాయి. చివరికి అల్లుడే కిందికి దిగి పడకకుర్చీ ముందు నిలబడ్డాడు.

"గుడ్లగూబ కావాలని ఎవరో అడిగి మూడు రోజులైంది మామయ్యగారూ. మీరు పలకలేదు."

"నాదేముందయ్యా. దుకాణం మీది."

"దుకాణం మీదేనండీ. పిట్టలు నావి." ఆ మాట అనేశాక ఇక ఆగలేదు. "మీరు జవాబులు రాయండి, నేను చేస్తా. డబ్బు మాత్రం ఇకనుంచి డిపాజిట్ వెయ్యకండి. నా అకౌంటుకి పంపండి."

మామగారు పడకకుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. "సరే" అన్నారు. కళ్లజోడు కోసం తడుముకుని ఫోను తీసి, గుడ్లగూబ అడిగినావిడకు జవాబు రాయడం మొదలుపెట్టారు.

ఒకటో తారీకున అతని అకౌంటులో డబ్బు పడింది. మామగారు మాట తప్పలేదు, లెక్క తప్పలేదు. ఎందుకు పంపుతున్నారో రాయమని ఫోను అడిగినచోట ఆయన ఒక్క వేలితో ఓపిగ్గా ఒక మాట టైపు చేశారు: "ఖర్చులకి." అల్లుడు దాన్ని రెండుసార్లు చదివి భార్యకు చూపించాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి అతనికీ నవ్వొచ్చింది.

సాయంత్రాలు ఇద్దరూ అద్దెకు గదులు చూస్తున్నారు. చాకలికొట్టు వెనక ఒక గది బాగానే ఉందిగానీ అందులో పనిబల్ల పట్టదు. బల్ల పట్టే గదికి అడ్వాన్సు అందదు. అంత డబ్బూ ఐదేళ్ల డిపాజిట్లో భద్రంగా ఉంది. ఇంకా మేడమీదే ఉన్నారు.